ఓపెన్ సోర్స్ ఉపకరణాలతో వెబ్, మొబైల్ పటాలు: మదనపల్లె, పుంగనూరు, కుప్పం

తెరమీద జరుపుకుంటూ, దగ్గరగానూ దూరంగానూ చూసుకుంటూ, ఒకచోట తాకితే అక్కడి వివరాలు తెలుసుకోగలిగే పటాన్ని ఇంటరాక్టివ్ పటం అంటారు. దీనికి కావలసిన ఉపకరణాలన్నీ ఓపెన్ సోర్స్ రూపంలో, అంటే ప్రోగ్రామును ఎవరైనా చదివి, మార్చి, వాడుకునే అనుమతితో దొరుకుతున్నాయి. స్టీవ్ కోస్ట్ 2004లో ఇంగ్లండులో ప్రారంభించిన, ఎవరైనా సవరించగల ఉచిత ప్రపంచ పటం ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ నుంచి రోడ్లు, ఊళ్లు, చెరువుల డేటా తీసుకుని, క్యూజీఐఎస్ అనే పటాల తయారీ ప్రోగ్రాములో సరిదిద్ది, వొలొదీమిర్ అగాఫోన్కిన్ 2011లో విడుదల చేసిన లీఫ్‌లెట్ లైబ్రరీతో వెబ్ పేజీలో చూపవచ్చు. మ్యాప్‌బాక్స్ సంస్థ 2020 డిసెంబరులో తన లైబ్రరీ లైసెన్సును మార్చినప్పుడు, దాని పాత ఓపెన్ సోర్స్ ప్రతి నుంచి పుట్టిన మ్యాప్‌లిబ్రే వెబ్‌కూ ఫోన్ యాప్‌లకూ పనికివస్తుంది.

ఇటువంటి పటం టైల్ అనే చదరపు ముక్కల కూర్పు. పటాన్ని ఎంత దగ్గరగా చూస్తున్నామో తెలిపేది జూమ్ స్థాయి. సున్నా స్థాయిలో ప్రపంచమంతా ఒకే టైల్‌లో ఇమిడిపోగా, స్థాయి పెరిగినప్పుడల్లా ప్రతి టైల్ నాలుగుగా చీలుతుంది. 12వ స్థాయిలో ఆంధ్రప్రదేశ్‌లోని మదనపల్లె పట్టణ కేంద్రం 2941 సంఖ్య గల నిలువు వరుస, 1892 సంఖ్య గల అడ్డు వరుస కలిసే టైల్‌లో పడుతుంది. నేలమీద దాని భుజం సుమారు తొమ్మిదిన్నర కిలోమీటర్లు. స్థలాలను నమోదు చేసే జియోజేసన్ పద్ధతిలో రేఖాంశం ముందు, అక్షాంశం తర్వాత రాయాలి. అక్షాంశం ముందు వచ్చే పాఠ్యపుస్తకాల వరుసలో 13.55, 78.50 అని రాస్తే మదనపల్లె చుక్క ఉత్తర ధ్రువానికి చేరువలోని స్వాల్‌బార్డ్ దీవుల్లో పడుతుంది.

తెలుగు పటాలకు అసలు చిక్కు అక్షరాల దగ్గర వస్తుంది. తెలుగులో గుణింతపు గుర్తులు, ఒత్తులు హల్లుతో కలిసి రూపం మార్చుకుంటాయి కనుక, వాటిని సరిగా పేర్చే లిపి విన్యాసం అనే ప్రక్రియ అవసరం. మ్యాప్‌లిబ్రే వెబ్ లైబ్రరీ మొదటినుంచీ ఒక్కొక్క యూనికోడ్ అక్షరాన్ని విడివిడిగా తెచ్చి పక్కపక్కన పేర్చే పద్ధతిమీద నిర్మితమైనందున, మదనపల్లెలోని లకారపు ఒత్తూ, కుప్పంలోని పకారపు ఒత్తూ కిందికి దిగకుండా విడిపోవచ్చు; ఒత్తులేని పుంగనూరులో సైతం కొమ్ములు హల్లుకు సరిగా అతుక్కోకపోవచ్చు. పేర్లను సర్వర్‌లోనే బొమ్మగా గీసే మ్యాప్‌నిక్‌లోనూ, పేరును మామూలు వెబ్ పాఠంగా బ్రౌజర్‌కు అప్పగించే లీఫ్‌లెట్ గుర్తుల్లోనూ ఈ బాధ లేదు. అందువల్ల తెలుగు పాఠకులకోసం చేసే పటానికి, కొంత వేగం తగ్గినా, ఈ మార్గాలే మేలు.

డేటా విషయానికొస్తే, ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ప్రతి స్థలానికీ భాషవారీగా వేర్వేరు పేరు ట్యాగులు, అంటే పేరును నమోదు చేసే గుర్తింపు చీటీలు, ఉండవచ్చు. కర్ణాటక, తమిళనాడు సరిహద్దులను ఆనుకున్న కుప్పం వంటి చోట ఒకే ఊరికి తెలుగు, కన్నడ, తమిళ పేర్లు మూడూ ఇవ్వవచ్చు. సరిహద్దులు మాత్రం మారుతుంటాయి. 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్విభజనలో మదనపల్లె అన్నమయ్య జిల్లాలోకి వెళ్లగా, పుంగనూరు, కుప్పం చిత్తూరు జిల్లాలో మిగిలాయి. అందువల్ల పటంమీద జిల్లా సరిహద్దులను విడిగా చూపే పొరకు తేదీ వేయడం తప్పనిసరి. వర్షాధారమైన ఈ మెట్ట ప్రాంతంలో అతి విలువైన పొర చెరువులది. వాటిమీద హంద్రీ-నీవా సాగునీటి పథకపు పుంగనూరు, కుప్పం బ్రాంచి కాలువల పొరను పరిస్తే, కాలువ నీరు ఏ చెరువుకు చేరువలో పారుతుందో రైతుకు కంటికి కనిపిస్తుంది. సిగ్నల్ అందని కొండ పల్లెల్లో, ముందే దించుకున్న పటంతో నడిచే ఓస్మ్‌అండ్ వంటి యాప్ ఉపయోగపడుతుంది.

ఇక నిబంధనల విషయానికొస్తే, 2021 ఫిబ్రవరి 15న కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన మార్గదర్శకాలు భారతీయ సంస్థలు పటాలు తయారుచేయడానికి ముందస్తు అనుమతుల అవసరాన్ని చాలావరకు తొలగించాయి. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ డేటాను వాడినవారు దాని సహకారులను పటంమీద పేర్కొనడం లైసెన్సు షరతు. తెలుగు పేరు ట్యాగు లేని చెరువులు, కుంటలు కనిపిస్తే, ఊరి పెద్దలను విచారించి ఆ పేర్లు చేర్చే పనిని స్థానిక కళాశాలల విద్యార్థులు చేపట్టాలి. అందుకు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఉచితంగా తెరిచే ఒక ఖాతా చాలు.