"చేవెళ్ల" అనే పేరు ఫోన్ మీద పడాలంటే ఎన్ని లైసెన్సులు కావాలి?

ఆ మధ్య మొయినాబాద్ వైపు ఇంజనీరింగ్ చదివే పిల్లలు కొందరు తమ యాప్ నాకు చూపించారు. చేవెళ్ల మార్కెట్లో కూరగాయల ధరలు చూపించే చిన్న యాప్. పని బాగానే చేస్తోంది. లోపల మాత్రం మూడు చోట్ల నుంచి తెచ్చిన కోడ్ ఉంది: ఒకటి ఎమ్ఐటీ లైసెన్సుది, ఒకటి బీఎస్‌డీది, ఇంకోటి అపాచీ 2.0ది. తెచ్చుకోవడం తప్పు కాదు. కానీ ఫైళ్ల పైన ఉన్న పాత పేర్లన్నీ కొట్టేసి, తమ పేర్లు పెట్టుకుని, మొత్తానికి "ఎమ్ఐటీ లైసెన్సు" అని రాసుకున్నారు. ఇదేందమ్మా అంటే "అన్నీ ఫ్రీయే కదా సార్" అన్నారు.

ఈ "ఫ్రీయే కదా" మీద అమెరికాలో పెద్ద కోర్టు గొడవే నడిచింది. ఆ కథ చెప్తాను.

యూనిక్స్ ఏటీ అండ్ టీ వాళ్లది. దానిమీద కాలిఫోర్నియాలోని బర్కిలీ యూనివర్సిటీ వాళ్లు ఏళ్ల తరబడి సొంత కోడ్ కలుపుతూ వచ్చారు. అదే బీఎస్‌డీ. 1989లో అందులోని నెట్‌వర్కింగ్ కోడ్‌ని విడిగా బయటికి వదిలారు. ఎవరైనా తీసుకోండి, మార్చుకోండి, అమ్ముకోండి, మా పేరు మాత్రం ఉంచండి అన్నారు. 1991లో ఇంకా పెద్ద కట్ట వదిలారు. దాన్ని ఆధారం చేసుకుని బీఎస్‌డీఐ అనే కంపెనీ అమ్మకం మొదలుపెట్టింది. 1992లో ఏటీ అండ్ టీ అనుబంధ సంస్థ యూఎస్ఎల్ ఆ కంపెనీ మీద కేసు వేసింది, తర్వాత యూనివర్సిటీని కూడా లాగింది.

ఇక్కడే అసలు మలుపు. యూనివర్సిటీ ఎదురు కేసు వేసింది. మా కోడ్ మీ యూనిక్స్‌లో వాడుకున్నారు, లైసెన్సు ప్రకారం మాకు ఇవ్వాల్సిన పేరు ఇవ్వలేదు అని. దానికి తోడు, యూఎస్ఎల్ తన పాత వెర్షన్ ఒకదాన్ని కాపీరైట్ నోటు లేకుండానే పంచిపెట్టింది కాబట్టి దానిమీద హక్కు నిలబెట్టుకోవడం కష్టమేనని జడ్జి అభిప్రాయపడ్డారు. అంటే సొంత పేరూ పెట్టుకోలేదు, ఎదుటివాళ్ల పేరూ ఉంచలేదు! 1994లో రాజీ అయ్యింది. సుమారు 18,000 ఫైళ్లలో తీసేసినవి 3. మరో 70 ఫైళ్లకు యూఎస్ఎల్ కాపీరైట్ నోటు చేర్చారు.

అయితే పేరు ఉంచమనడం కూడా శ్రుతి మించొచ్చు. పాత బీఎస్‌డీ లైసెన్సులో, ప్రకటన వేస్తే అందులో కూడా మా పేరు చెప్పాలి అని ఒక షరతు ఉండేది. చూసినవాళ్లంతా తమ తమ పేర్లతో అదే షరతు పెట్టుకున్నారు. 1997 నాటి నెట్‌బీఎస్‌డీలో ఇలాంటి వాక్యాలు 75 ఉన్నాయని రిచర్డ్ స్టాల్‌మన్ లెక్కపెట్టారు. 1999 జులై 22న బర్కిలీ ఆ షరతు ఎత్తేసింది.

ఇప్పుడు మన ఊరి పేరుకి వద్దాం. "చేవెళ్ల" అని టైపు చేస్తే ఫోన్‌లోకి వెళ్లేవి 7 యూనికోడ్ గుర్తులు: చ, ఏత్వం, వ, ఎత్వం, ళ, పొల్లు, ల. చివరి "ల"ని "ళ" కింద వత్తుగా కూర్చోబెట్టాలి. ఆండ్రాయిడ్‌లో ఆ పని చేసేది హార్ఫ్‌బజ్. పేరు ఫార్సీది. ఉర్దూ వచ్చినవాళ్లకి "హర్ఫ్" అంటే అక్షరమని చెప్పక్కర్లేదు. ఈ కోడ్ మొదట ఫ్రీటైప్‌లో పుట్టింది. అక్కడి నుంచి పాంగో, క్యూటీ అనే రెండు ప్రాజెక్టులు చెరో కాపీ తీసుకుని చెరో దారిన పెంచుకున్నాయి. వాటి లైసెన్సులు వేరు. మళ్లీ ఒకటి కావాలంటే అందరికీ నప్పే లైసెన్సు కావాలి. చివరికి పాత ఎమ్ఐటీ లైసెన్సు కింద కలిశాయి. తర్వాత బెహ్‌దాద్ ఎస్ఫాబోద్ దాన్ని దాదాపు కొత్తగా రాశారు. అయినా దాని లైసెన్సు ఫైలు తెరవండి, 1998 నాటి డేవిడ్ టర్నర్, వెర్నర్ లెంబర్గ్ పేర్లు ఇప్పటికీ ఉంటాయి.

అక్షరాన్ని గీసే స్కియాది బీఎస్‌డీ లైసెన్సు, ఆండ్రాయిడ్‌లో ఎక్కువ భాగానిది అపాచీ. అన్నీ పక్కపక్కనే ఉంటాయి. దేని లైసెన్సు దానిదే, కలిసినంత మాత్రాన అన్నీ ఒకటైపోవు. పిల్లలు పొరబడ్డది ఇక్కడే. 2004లో వచ్చిన అపాచీ 2.0లో పేటెంట్ల సంగతి ఉంది: కోడ్ ఇచ్చినవాళ్లు తమ పేటెంట్ హక్కు కూడా ఇస్తారు, ఆ కోడ్ మీద పేటెంట్ కేసు వేస్తే ఆ హక్కు పోతుంది. మార్చిన ఫైలులో మార్చామని రాయాలి, నోటీస్ ఫైలు ఉంటే దాన్నీ వెంట ఇవ్వాలి. ఎమ్ఐటీలో ఈ షరతులేవీ లేవు. అలాంటప్పుడు అపాచీ కోడ్‌కి ఎమ్ఐటీ బోర్డు ఎట్లా తగిలిస్తారు? తాము రాసిన భాగానికి తగిలించుకోవచ్చు, అంతే.

మీ ఫోన్ సెట్టింగ్స్‌లో "ఫోన్ గురించి" అనేదాంట్లో లీగల్ సమాచారం అని ఉంటుంది. ఒకసారి తెరిచి కిందికి జరుపుతూ పోండి, బొటనవేలు నొప్పి పుడుతుంది.

పిల్లలు పాత పేర్లన్నీ తిరిగి పెట్టారు. యాప్‌లో "లైసెన్సులు" అని కొత్త పేజీ కూడా వచ్చింది. టమాటా ధర మాత్రం ఇంకా మొన్నటిదే చూపిస్తోంది, అది వేరే పంచాయితీ.