తెఱచియుంచిన లెక్క

లెక్కకు జవాబు వచ్చిన చాలదు, అది వచ్చిన మార్గము చూపవలెనని మన పెద్దలు పలకమీదనే నేర్పిరి. మన ప్రాచీన గణిత వ్యాఖ్యాతలు దానినే ఉపపత్తి యనిరి. కాని గణితములో పెద్దభాగము కంప్యూటరు చేతికి పోయిన పిమ్మట ఈ నియమమునకే లోటు వచ్చినది. వెలయిచ్చి ప్రోగ్రామును కొనినవానికి జవాబు దొరకును. ఆ జవాబు ఏ త్రోవన వచ్చినదో లోపల చూచు హక్కు సామాన్యముగ దొరకదు. ఆ హక్కును నిలుపుటకు కొందఱు పడిన పాటును, అట్టి ప్రోగ్రాములు ఇంటర్నెట్టు ద్వారా మన యిండ్లకు చేరిన విధమును ఇక్కడ చెప్పుచున్నాను.

1968లో అమెరికాలోని ఎం.ఐ.టి. విద్యాసంస్థయందు కార్ల్ ఎంగెల్‌మన్, విలియం మార్టిన్, జోయెల్ మోజెస్ అనువారు మాక్సిమా యను ప్రోగ్రామును ఆరంభించిరి. అంకెలతోగాక అక్షరములతోనే లెక్క చేయుట దీని విశేషము. సమీకరణమును సాధించుట, అవకలనము, సమాకలనము మొదలగు పనులను కాగితముమీద మనము చేయునట్లే సంకేతములతో నడపును. దీని వెనుక నున్నది చాలవఱకు ప్రభుత్వ ధనము. అయినను 1982లో దాని వాణిజ్యపు హక్కులు సింబాలిక్స్ అను కంపెనీకి చేరినవి. ఆ కాలముననే వేఱొక ప్రతి అమెరికా ఇంధనశాఖకు అందినది.

కథ యంతయు ఈ రెండవ ప్రతిలోనే యున్నది. టెక్సస్ విశ్వవిద్యాలయమున గణితాచార్యుడైన విలియం షెల్టర్ 1982 మొదలు దానిని తన యొడిలో పెట్టుకొని సాకెను. క్రొత్త యంత్రములు వచ్చినప్పుడెల్ల వానికి తగినట్లు సవరించెను. అది నడచుటకు వలసిన లిస్పు భాషా సాధనమును గూడ తానే మెఱుగుపఱచెను. ఇట్టి పనికి బిరుదులు రావు, జీతము పెరుగదు. 1998లో ఆయన ఇంధనశాఖనుండి అనుమతి పొంది, ఆ ప్రోగ్రామును జి.పి.ఎల్. అను లైసెన్సు క్రింద లోకమునకు విడిచెను. ఎవరైనను వాడుకొనవచ్చును, లోపల చూడవచ్చును, మార్చవచ్చును. మార్చి యితరులకు పంచువారు అదే హక్కును వారికిని ఈయవలెను. ఇదియే ఆ లైసెన్సు సారము. రోమను లిపిలో పాత క్రొత్త పేర్ల వర్ణక్రమము వేఱు. పలుకుబడి మాత్రము మాక్సిమాయే. 2001లో షెల్టర్ మరణించెను. ఆ అనుమతి మఱి మూడేండ్లు ఆలస్యమై యుండిన, ఆయన పందొమ్మిదేండ్ల శ్రమ ఏ బీరువాలో మూలుగుచుండెడిదో! తెఱచియుంచిన దగుటచే వేఱువేఱు దేశముల స్వచ్ఛంద కార్యకర్తలు దానిని అందుకొనిరి.

రేఖాచిత్రముల కథయు ఇట్టిదే. జాన్ హంటర్ అను నాడీశాస్త్ర పరిశోధకుడు మూర్ఛరోగుల మెదడునుండి వచ్చు విద్యుత్ సంకేతములను గ్రాఫులుగా చూడవలసి యుండెను. ఆ ప్రయోగశాలలో నున్న ప్రోగ్రామునకు లైసెన్సు ఒక్కటే. దాని తాళపుచెవి వంటి చిన్న పరికరమును విద్యార్థులు, వైద్యులు వంతులవారీగ వాడుకొనెడివారు. మన కార్యాలయములలో ఒకే టైపు మిషనుకొఱకు కాచుకొనినవారికి ఈ బాధ వివరింప నక్కఱలేదు. 2003లో హంటర్ మాట్‌ప్లాట్‌లిబ్ అను గ్రాఫుల సాధనమును తానే వ్రాసి అందఱికి విడిచెను. 2012లో ఆయన మరణించు నాటికి అది ప్రపంచమంతట పరిశోధకుల చేతిలో నుండెను.

2005లో విలియం స్టైన్ అను గణితజ్ఞుడు సేజ్ అను సాఫ్టువేరును వెలువరించెను. ఉన్న సాధనములను క్రొత్తగ వ్రాయక కూర్చుట అతని పద్ధతి: కలనగణితమునకు షెల్టర్ మాక్సిమా, చిత్రములకు హంటర్ సాధనము. కాని ఇంత పెద్ద కూర్పును సామాన్యుని కంప్యూటరులో స్థాపించుట గగనమయ్యెను. విండోసు యంత్రములలో మఱియు కష్టము. దానికి విఱుగుడు బ్రౌజరు. లెక్క ఎక్కడనో యున్న సర్వరు చేయును; పాఠకుడు బ్రౌజరులో సమీకరణము వ్రాయును, జవాబును గ్రాఫును అక్కడనే చూచును. ఫెర్నాండో పెరెజ్ 2001లో విద్యార్థిగ నుండగా మొదలుపెట్టిన ఐపైథాన్‌కు కూడ 2011లో ఇట్టి నోటుపుస్తక రూపము వచ్చి, 2014లో జూపిటర్ అను పేర వ్యాపించెను.

మన దేశమున బొంబాయి ఐ.ఐ.టి.లోని ఫాస్సీ యను కేంద్రప్రభుత్వ సహాయముగల పథకము ఈ బాటనే పట్టినది. ఫ్రాన్సులో పుట్టిన సైలాబ్ అను గణిత సాఫ్టువేరులో, ఇంజనీరింగు పాఠ్యగ్రంథములలోని సాధించిన లెక్కలను మన కళాశాలల విద్యార్థులచేత వ్రాయించి, వానిని బ్రౌజరులోనే నడుపు వసతి కల్పించినది. ఆ సంస్థలోనే పుట్టిన స్పోకెన్ ట్యుటోరియల్ పాఠములు తెలుగులోను వినవచ్చును. బదిలీలతో ఊరూరు తిరుగు మన యిండ్ల పిల్లలకు ఇది చిన్న మేలు కాదు.

అయితే సర్వరు పద్ధతిలో ఒక మెలిక కలదు. లెక్క తెఱచియున్నను, యంత్రము పరాధీనము. సర్వరు అద్దె కట్టువాడు మానుకొనిన నాడు నోటుపుస్తకము మూతపడును. ఈ చిక్కునకు మందు 2017లో ముఖ్యమైన బ్రౌజరులన్నిటిలోను చేరిన వెబ్‌అసెంబ్లీ యను ఏర్పాటునుండి వచ్చినది. 2018లో మొజిల్లాలో మైకేల్ డ్రోట్‌బూమ్ పైథాన్ భాషను, దాని గణిత సాధనములను బ్రౌజరు లోపలనే నడచునట్లు చేసి పయొడైడ్ అని పేరిడెను. హంటర్ పిమ్మట మాట్‌ప్లాట్‌లిబ్ భారము వహించినవాడును ఆయనయే. మొదటిసారి తెఱచునప్పుడు కొంత నిరీక్షణ తప్పదు. సాధనములన్నియు దిగిన పిమ్మట లెక్క పూర్తిగ పాఠకుని యంత్రములోనే జరుగును.

ఒక లోపమును మఱచి పోరాదు. చాలకాలమువఱకు మాట్‌ప్లాట్‌లిబ్ మన లిపిని సరిగ కూర్చలేదు. గ్రాఫు అక్షముమీద ‘వర్షపాతము’ అని వ్రాసినచో రకారము పొల్లుతో విడిగ నిలిచి, షకారము దాని క్రిందికి వత్తుగా చేరక ప్రక్కన నుండెడిది. అంకెలు సరియే, గీత సరియే. పేరు మాత్రము చదువరాకుండెను. అందుచేత చాలమంది అక్షముల పేర్లను ఇంగ్లీషులోనే వ్రాసి ఊరకుండిరి.