హామీ ఎవరిది, అప్పు ఎవరిది?

అమెరికా విశ్వవిద్యాలయాల్లో పాత భవనాలకు కొత్త చిల్లర్లు, దీపాలు పెట్టించి, ఆ ఖర్చును తగ్గిన బిల్లుల సొమ్ముతోనే తీర్చే పద్ధతి ఒకటుంది. దాని చరిత్రను చాలామంది ఆవిరి యంత్రాల జేమ్స్ వాట్‌తో మొదలుపెడతారు. ఆదా అయిన బొగ్గు విలువలో మూడో వంతు ఆయనా ఆయన భాగస్వామి బౌల్టనూ పుచ్చుకున్న మాట నిజమే. కానీ యంత్రం ఖర్చు గని యజమానే భరించాడు. ఆ మూడో వంతు పేటెంటుకు కట్టిన అద్దె తప్ప, ఆదా తగ్గితే తేడా పూడుస్తామన్న పూచీ కాదు.

1973 చమురు సంక్షోభం, 1978 ఇంధన పొదుపు చట్టం కింద బడులకూ ఆసుపత్రులకూ వచ్చిన గ్రాంట్లు తెలిసిన కథే. ఆ తర్వాత వచ్చింది పొదుపు పంపకం. పెట్టుబడి ఆ పనులు చేసే కంపెనీది, ఆదాలో వాటా కూడా దానికి. 1980ల చివరికి ఇది వెనకబడి, హామీ ఒప్పందం ముందుకొచ్చింది. ఇందులో అప్పు క్యాంపస్‌ది. ఆదా తగ్గితే లోటు కంపెనీ కట్టాలి.

ఈ మార్పుకు చమురు ధర పడిపోవడమే కారణమని పాఠం. 1985 చివర 30 డాలర్ల దగ్గరున్న పీపా మరుసటి వేసవికి 10 డాలర్ల దరికి దిగింది, వాటాల విలువ కరిగింది. కాదనను. కానీ క్యాంపస్ దీపాలూ మోటార్లూ నడిచేది కరెంటుతో, దాని ధర అలా కుప్పకూలలేదు. అదే 1986లో పన్ను సంస్కరణ చట్టం పెట్టుబడిపై ఇచ్చే పన్ను రాయితీని ఎత్తేసింది. ప్రైవేటు పెట్టుబడికి ఆకర్షణ తగ్గింది. ప్రభుత్వ క్యాంపస్ తీసుకునే అప్పుపై వడ్డీకి మాత్రం పన్ను మినహాయింపు నిలిచింది, కాబట్టి ఆ అప్పే చౌక. చమురు తోసి ఉండొచ్చు, దారి చూపింది మాత్రం పన్ను చట్టమేనని నా నమ్మకం. ఇంజనీర్ల ధీమా వల్లే హామీ పుట్టిందన్న మాట నాకు నమ్మబుద్ధి కాదు.

క్యాంపస్‌లు ఈ ఒప్పందాల వైపు మొగ్గడానికి మరో కారణం వాయిదాపడ్డ మరమ్మతులు. ఆవిరి గొట్టంలో నీటిని బయటికి వదిలి ఆవిరిని ఆపే స్టీమ్ ట్రాప్‌నే చూడండి. అది తెరుచుకుని ఇరుక్కుపోతే ఆవిరి నేరుగా వెనక్కి వెళ్లే గొట్టంలోకి పోతుంది, పైకి ఏమీ కనపడదు. మార్చడం చిన్న పని. నిర్వహణ బడ్జెట్ కోసేసిన చోట ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది. చివరికి ఒప్పందంలో దాన్ని మార్చి, ఆ ఆదాను కంపెనీ ఖాతాలో రాస్తారు. రోజువారీ పనికి క్యాంపస్ వడ్డీ కట్టినట్టయింది.

ఇక్కడే టెక్సాస్‌ను గుర్తు చేయాలి. 1988లో ఆ రాష్ట్రం లోన్‌స్టార్ పేరుతో ఇంధన ఆదా పనులకు అప్పులిచ్చే నిధి పెట్టింది. టెక్సాస్ ఏ అండ్ ఎమ్ పరిశోధకులు భవనాలకు మీటర్లు బిగించి చూస్తే, ఉన్న యంత్రాలను సరిగా నడిపించడంలోనే బోలెడు ఆదా ఉందని తేలింది. హామీ చరిత్రలు రాసినవాళ్లు ఈ అధ్యాయానికి ఇవ్వాల్సినంత చోటు ఇవ్వలేదు.

ఇప్పటి ఒప్పందాలు పనికిరానివని అనను. వాటివల్లే బాగుపడ్డ భవనాలున్నాయి. కానీ కొన్నింట్లో ఆదాను కొలవరు, ముందే ఒప్పుకున్న అంకె వేస్తారు. కరెంటు ధర ఏటా ఇంత పెరుగుతుందన్న ఊహ కూడా లెక్కలో కలుస్తుంది. ఆ లెక్క కట్టేదీ చాలాచోట్ల కంపెనీయే. సంతకానికి ముందే మీటర్లు బిగించి, వాటిని క్యాంపస్ సొంత ఇంజనీర్ల చేతికి అప్పగించాలని నేను గట్టిగా కోరతాను.