పేరు తెలియని మిత్రుడు

రాత్రి దీపం దగ్గర భోజనానికి కూర్చున్నప్పుడు మెడమీద ఏదో పాకినట్లయి, చేత్తో నలిపివేసి ఉంటారు. ఒకటి రెండు రోజులకు అక్కడ చర్మం ఎర్రబారి, పొక్కులు లేచి, ఒకటే మంట. "విషప్పురుగు కుట్టింది" అనుకుంటాము. అది కుట్టనూ లేదు, కరవనూ లేదు. మనం నలిపితే దాని ఒంటిలోని రసం చర్మానికి అంటింది, అంతే. 1953లో ఇటలీ శాస్త్రజ్ఞులు పావన్, బో అనేవారు ఆ విషాన్ని వేరుచేసి పెడెరిన్ అని పేరు పెట్టారు.

పురుగును బాగా చూడండి. వడ్లగింజంత పొడవు. తల నలుపు, మెడ నారింజ, నడుమ నీలిరంగు పొట్టి రెక్కలు, వెనుక మళ్లీ నారింజ, తోక చివర నలుపు. దీనిని పెడెరస్ ఫస్సిపెస్ అంటారు. ఇంగ్లండులో జాన్ కర్టిస్ 1826లో దీనిని వర్ణించి పేరు పెట్టాడు. ఇది రోవ్ పెంకుపురుగుల కుటుంబంలోనిది. ఆ కుటుంబంలో ఇంతవరకు పేరు పెట్టినవే 60,000 జాతులకు పైగా ఉన్నవి. పేరు లేనివి ఇంకా ఎన్నో!

పేరు పెట్టడమంటే తేలిక కాదు సుమండీ. రావులపాలెం మార్కెట్టులో గెల చూడగానే ఇది అమృతపాణి, ఇది చక్కెరకేళి అని మీరు చెప్పగలరు. ఎన్నో గెలలు చూసిన కన్ను అది. పురుగుల విషయంలో అటువంటి కన్ను మాల్కమ్ కామెరాన్‌ది. ఆయన బ్రిటిష్ నౌకాదళంలో డాక్టరు. తరువాత డెహ్రాడూన్ అటవీ పరిశోధనా సంస్థలో పనిచేస్తూ, ముస్సోరీ కొండ అడవులలో రోవ్ పురుగులను సేకరించాడు. మన దేశపు రోవ్ పురుగుల మీద ఆయన వ్రాసిన సంపుటాలు 1930 నుండి 1939 వరకు వెలువడ్డాయి.

ఈ పని ఇప్పటికీ ఇంచుమించు ఇలాగే జరుగుతున్నది. అడవిలో రాలిన ఆకులను జల్లించి, దొరికిన పురుగు పక్కన చోటు, తేదీ వ్రాసిన చీటీ పెడతారు. సూక్ష్మదర్శినిలో తెలిసిన జాతులతో పోల్చి చూస్తారు. పైకి ఒకేలా కనిపించే రెండు జాతులను చాలాసార్లు మగపురుగు జననాంగాన్ని చూసిగాని విడదీయలేరు. కొత్తదని తేలితే వర్ణన అచ్చువేసి, ఆ నమూనాను మ్యూజియంలో భద్రపరుస్తారు. రేపు ఎవరికి సందేహం వచ్చినా దానితో సరిచూసుకోవచ్చును.

కొండ పురుగుతో మనకేమి పని అంటారా? కొండల మీది రోవ్ పురుగులలో అనేకం ఎగరలేవు. పుట్టిన కొండే వాటి లోకం. ఆ అడవి నరికితే పేరు పెట్టకముందే అవి అంతరిస్తాయి. అవి ఏమి తిని మనకు మేలు చేసేవో ఎవరికీ తెలియదు.

మన చేలోని పురుగుకు ఆ గతి లేదు. దానికి రెక్కలున్నవి, పేరున్నది. ఇంగ్లండు మొదలు జపాను వరకు బ్రతుకుతున్నది. వరి దుబ్బులలో తిరిగి సుడిదోమ పిల్లలను, పచ్చదోమలను పట్టి తింటుంది. అయినా మన చేతిలో శత్రువుగానే చస్తున్నది! దోమ కనబడగానే ఘాటైన మందు కొడితే ముందు చచ్చేవి ఇటువంటి మిత్రులే. తరువాత దోమ రెట్టింపు బలంతో లేస్తుంది. ఈ పాఠం నేర్చుకొనే ఇండోనేషియా ప్రభుత్వం 1986లో వరిపై 57 మందులను నిషేధించింది.

కనుక ఈ దాళ్వాలో మందు డబ్బా ఎత్తేముందు నాలుగు దుబ్బులు వంచి చూడవలెను. దోమలెన్ని, సాలీళ్లెన్ని, ఈ నారింజ పురుగులెన్ని అని లెక్కపెట్టండి. ఒంటిమీద వాలితే నలపవద్దు, ఊది పంపండి. పొరపాటున నలిగితే వెంటనే సబ్బునీళ్లతో కడగండి, ఆ చేయి కంటికి తగలనీయకండి. పిల్లలకు దాని పేరు చెప్పండి. పేరు తెలిసినవాణ్ణి ఊరికే కొట్టబుద్ధి కాదు కదా!