ఓడపురుగు చూపిన దారి: థేమ్స్ నది కింది సొరంగం

కొండరాతిలో తొలిచిన దారి చాలావరకు తనంత తానే నిలుస్తుంది గాని, నది అడుగున ఉండే మెత్తని ఒండ్రుమట్టిలో తవ్వినంత మేరా పైకప్పు కుంగి, దాని వెంటే నీరు లోపలికి దూకుతుంది. అందువల్ల పంతొమ్మిదో శతాబ్ది ఆరంభం వరకు పెద్ద నది కింద సొరంగం తవ్వడం ఏ ఇంజినీరుకూ సాధ్యం కాలేదు. లండన్‌లో ఈ అవసరం తీవ్రంగా ఉండేది. థేమ్స్ నది రెండు గట్ల మీదా రేవులు, గిడ్డంగులు పెరిగాయి. దిగువన వంతెన కడితే ఎత్తైన తెరచాప ఓడలకు అడ్డమవుతుంది. రాబర్ట్ వేజీ మొదలుపెట్టి, రిచర్డ్ ట్రెవితిక్ కొనసాగించిన ఒక సన్నని సొరంగం వెయ్యి అడుగులు దాటిన తరువాత 1808లో నీరు చొరబడి ఆగిపోయింది.

ఈ చిక్కును విప్పినవాడు మార్క్ ఇసంబార్డ్ బ్రూనెల్. 1769లో ఫ్రాన్సులోని నార్మండీ ప్రాంతంలో పుట్టి, విప్లవకాలంలో దేశం విడిచి అమెరికాకు, అక్కడినుంచి 1799లో ఇంగ్లండుకు చేరిన ఆయన, బ్రిటిష్ నౌకాదళానికి యంత్రాలు రూపొందించి పేరు తెచ్చుకున్నాడు. చాథమ్ నౌకా నిర్మాణశాలలో పనిచేస్తున్నప్పుడు, పురుగు తొలిచిన ఒక ఓడ దూలాన్ని చూసి సొరంగపు ఉపాయం ఆయనకు తోచిందని, తరువాత ఆయన కింద ఇంజినీరుగా పనిచేసి 1862లో ఆయన జీవితచరిత్ర రాసిన రిచర్డ్ బీమిష్ గ్రంథస్థం చేశాడు.

ఓడపురుగు అని పిలిచినా, శాస్త్రజ్ఞులు టెరెడో అని పేరు పెట్టిన ఆ జీవి నిజానికి పురుగు కాదు, ఆల్చిప్పల కుటుంబానికి చెందినది. పొడవైన మెత్తని దేహానికి ముందు కొసన రెండు చిన్న చిప్పలు ఉంటాయి. వాటి అంచుల మీది ఆకురాయి వంటి గరుకు గీతలతో అది కర్రను కొద్దికొద్దిగా అరగదీస్తూ ముందుకు సాగుతుంది. నీటిలో నానిన కర్ర ఉబ్బి మెత్తని దేహాన్ని నొక్కివేయకుండా, తొలిచిన దారి గోడలకు అది సున్నపు పూత పూసుకుంటుంది. ఒకే దూలంలో వందలకొద్దీ జీవులు కిక్కిరిసి ఉన్నా, పొరుగుదాని బాటలోకి చొరబడకుండా పక్కకు తిరిగి వెళ్లే నేర్పు కూడా దానికి ఉంది. అది చేసిన నష్టం చిన్నది కాదు: 1730లలో నెదర్లాండ్స్ సముద్రపు కట్టల కర్రపనిని తొలిచివేసింది; విశాఖపట్నం రేవులో కర్రను తొలిచే జీవుల గురించి ఆంధ్ర విశ్వవిద్యాలయ జంతుశాస్త్రవేత్తలు 1950లలోనే పరిశోధించారు.

బ్రూనెల్ గ్రహించినది ఆ జీవి ఆకారాన్ని కాదు, దాని పని వరుసను. ముందు భాగాన్ని గట్టి కవచంతో కాపాడుకోవాలి, ఒక్కసారి కొంచెమే తవ్వాలి, తవ్విన మేర వెంటనే గోడ కట్టాలి: ఈ మూడూ కలిసినప్పుడే మెత్తని నేల నిలుస్తుంది. ఈ ఆలోచనకు 1818లో ఆయన పేటెంటు పొందాడు. సొరంగపు పనివారిని కాపాడుతూ ముందుకు జరిగే ఆ ఇనుప చట్రానికి షీల్డ్, అంటే డాలు, అని పేరు. థేమ్స్ కింద వాడిన షీల్డ్‌లో పక్కపక్కనే నిలిచిన 12 చట్రాలు, ఒక్కొక్కదానిలో మూడు అంతస్తులు, మొత్తం 36 గదులు ఉండేవి. గదికొక కూలీ తన ఎదుట మట్టిని అదిమిపట్టిన పలకల్లో ఒకదాన్ని తీసి, కొన్ని అంగుళాలు తవ్వి, పలకను మళ్లీ బిగించేవాడు. గది ఎదుటి మట్టి అంతా ఇలా తీసిన తరువాత, వెనుక కట్టిన ఇటుక గోడను ఆనుకొని మరజాకీలు చట్రాన్ని ముందుకు తోసేవి.

1825లో రోథర్‌హైత్ గట్టున పని మొదలైంది. నేల మీద 50 అడుగుల వ్యాసంతో ఇటుక బురుజు కట్టి, అడుగున మట్టి తీస్తూ దాని బరువుతోనే దాన్ని భూమిలోకి దించారు. ఇసుక నేలల్లో ఒరలు దించి బావి తవ్వే పద్ధతి ఎరిగిన తెలుగువారికి ఇది కొత్త సంగతి కాదు. అసలు కష్టం ఆ తరువాతే వచ్చింది. నగరపు మురుగంతా మోసే నది నుంచి ఊరిన నీరు, విషవాయువులు పనివారిని రోగాల పాలు చేశాయి. 1827 మేలో నది సొరంగంలోకి విరుచుకుపడింది. 1828 జనవరి 12న మళ్లీ పడినప్పుడు ఆరుగురు మరణించారు, బ్రూనెల్ కుమారుడు ఇసంబార్డ్ కింగ్‌డమ్ తీవ్రంగా గాయపడ్డాడు. డబ్బు లేక ఏడేళ్లు మూతపడిన పని ప్రభుత్వ రుణంతో 1835లో తిరిగి మొదలై, 1843 మార్చి 25న దారి తెరుచుకుంది. సుమారు 1,300 అడుగుల దారికి పద్దెనిమిదేళ్లు పట్టింది.

ఆ జీవి గుండ్రంగా తొలుస్తుంది, బ్రూనెల్ షీల్డ్ మాత్రం దీర్ఘచతురస్రం; బండ్లకు రెండు దారులు కావాలన్న అవసరమే దీనికి కారణం. 1869లో జేమ్స్ హెన్రీ గ్రేట్‌హెడ్ గుండ్రని షీల్డ్, పోత ఇనుప వలయాలతో అదే నది కింద మరొక చిన్న సొరంగాన్ని ఏడాది లోపే పూర్తిచేశాడు. ఓడపురుగు నమూనాకు మరింత దగ్గరగా జరిగినప్పుడే పని సులువైందనడం న్యాయం.

ఆ గుండ్రని షీల్డే నేటి సొరంగ యంత్రాల్లో కొనసాగుతోంది. నల్లమల కొండల కింద శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగంలో పనిచేసిన యంత్రమూ ముందు తొలుస్తూ, వెనుక కాంక్రీటు పలకలతో గోడ అమరుస్తూ సాగినదే. 2025 ఫిబ్రవరి 22న అక్కడ మట్టి, నీరు ఒక్కసారిగా విరుచుకుపడినప్పుడు ఎనిమిది మంది చిక్కుకుపోయారు. ఓడపురుగు నుంచి కవచాన్ని, గోడను ఇంజినీర్లు రెండు శతాబ్దాల కిందటే నేర్చుకున్నారు. ఎదురుగా ఉన్నదాన్ని ముందే పసిగట్టి పక్కకు తప్పుకొనే దాని నేర్పు మాత్రం ఇంకా పూర్తిగా అందలేదు.