ఖాతా ఆగుతుంది, ఉత్తర్వు అందదు

2025 మే 8న, భారత్–పాకిస్తాన్ ఘర్షణ సాగుతుండగా, 8,000కు పైగా ఖాతాలను భారత్‌లో నిలిపివేయాలని కేంద్రం నుంచి ఉత్తర్వులు వచ్చాయని ఎక్స్ ప్రకటించింది. వాటిలో వార్తాసంస్థల ఖాతాలూ ఉన్నాయి. చాలా సందర్భాల్లో ఏ పోస్టు చట్టాన్ని ఉల్లంఘించిందో ప్రభుత్వం చెప్పలేదని, ఈ ఉత్తర్వులతో తాము ఏకీభవించడం లేదని అంటూనే వాటిని అమలు చేసింది. ఆ రోజుల్లోనే మక్తూబ్ మీడియా, కశ్మీర్ టైమ్స్ సంపాదకురాలు అనురాధా భసీన్ ఖాతాలు ఇక్కడ కనిపించకుండా పోయాయి.

ఈ అధికారానికి ఆధారం ఐటీ చట్టంలోని 69ఏ సెక్షన్. దేశ సార్వభౌమత్వం, రక్షణ, భద్రత, విదేశాలతో స్నేహ సంబంధాలు, శాంతిభద్రతల వంటి కారణాలతో కేంద్రం సమాచారాన్ని నిరోధించవచ్చు. మాట వినని సంస్థ బాధ్యులకు ఏడేళ్ల దాకా జైలు. ఎక్స్ అయిష్టంగానైనా తలవంచడానికి ఇదొక్కటి చాలు.

అసలు చిక్కు 2009 నాటి నియమాల్లో ఉంది. 8వ నియమం ప్రకారం నోటీసు ‘వ్యక్తికి లేదా మధ్యవర్తి సంస్థకు’ ఇవ్వాలి. ఆ ‘లేదా’ను పట్టుకుని సంస్థకు మాత్రమే నోటీసు ఇస్తే, రాసిన జర్నలిస్టుకు కబురే అందదు. అత్యవసరమంటే ముందస్తు విచారణ కూడా ఉండదు. 48 గంటల్లో కమిటీ ముందు పెడితే సరిపోతుంది. 16వ నియమం ఫిర్యాదులనూ, చర్యలనూ గోప్యంగా ఉంచమంటుంది.

2015లో శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు 69ఏను సమర్థించింది. కారణాలు రాతపూర్వకంగా నమోదవుతాయి కాబట్టి వాటిని హైకోర్టులో సవాలు చేయవచ్చన్నది అందుకు చెప్పిన ఆధారాల్లో ఒకటి. చేతికే రాని కాగితాన్ని ఎలా సవాలు చేయాలో మాత్రం తేలలేదు.

సంస్థలే కోర్టుకెళ్తే? 2022లో ట్విట్టర్ కర్ణాటక హైకోర్టును ఆశ్రయించింది. ఖాతాదారులకు నోటీసు ఇవ్వాలని, ఒక్కో పోస్టును కాకుండా ఖాతా మొత్తాన్ని ఆపడం చెల్లదని వాదించింది. 2023 జూన్ 30న కోర్టు పిటిషన్ కొట్టేసి, రూ.50 లక్షల ఖర్చులు విధించింది. 69ఏతో పనిలేకుండా, 79(3)(బి) కింద తొలగింపు నోటీసులు పంపే ‘సహయోగ్’ పోర్టల్‌పై ఎక్స్ వేసిన పిటిషన్‌నూ 2025 సెప్టెంబరు 24న అదే హైకోర్టు తోసిపుచ్చింది.

కాగా 2009 నియమాలను ప్రశ్నించిన మరో పిటిషన్‌పై సుప్రీంకోర్టు 2025 మార్చిలో కేంద్రానికి నోటీసు ఇచ్చింది. పోస్టు పెట్టిన వ్యక్తి ఎవరో తెలిసినప్పుడు ఆ వ్యక్తికే నోటీసు ఇవ్వాలా అన్నదే అందులో ప్రధాన ప్రశ్న.