ఊపిరితిత్తులలో వాయు వినిమయం: స్రావవాదం నుండి విసరణవాదానికి

ఊపిరితిత్తులలోని వాయుగోణుల గోడ మిక్కిలి పలుచన. దానికి ఒకవైపు గాలి, మరొకవైపు కేశనాళికలలోని రక్తం ఉంటాయి. ఆక్సిజన్ ఈ గోడను తనంతట తానే దాటుతుందా, లేక గ్రంథి స్రావాన్ని విడుదల చేసినట్లు ఊపిరితిత్తి కణాలే దానిని రక్తంలోకి నెడతాయా అన్న ప్రశ్న 20వ శతాబ్ది తొలి దశకాలలో తీవ్ర వాదానికి దారితీసింది. ఆ వాదం తేలిన తీరును ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కోపెన్‌హాగెన్‌లో శరీరధర్మశాస్త్ర ఆచార్యులైన క్రిస్టియన్ బోర్ (1855-1911) స్రావవాదాన్ని బలపరిచారు. ఆయన వాదన నిరాధారమైనది కాదు. లోతునీటి చేపల గాలితిత్తిలో ఆక్సిజన్ పీడనం చుట్టూ ఉన్న నీటిలో కంటె ఎన్నో రెట్లు ఎక్కువ. కేవల విసరణతో దీనిని వివరించలేము. పైగా 1891లో ఆయన ప్రకటించిన కొలతలలో, ధమని రక్తంలోని ఆక్సిజన్ పీడనం కొన్ని సందర్భాలలో ఊపిరితిత్తుల గాలిలో కంటె అధికంగా కనిపించింది.

బోర్ వద్ద సహాయకులుగా పనిచేసిన ఆగస్ట్ క్రోగ్ ఈ కొలతలనే పునఃపరీక్షించారు. ప్రవహించే రక్తానికి అతి చిన్న గాలిబుడగను తాకించి, రెండింటి పీడనాలు సమమైన పిదప ఆ బుడగను విశ్లేషించే పరికరాన్ని రూపొందించారు. బుడగ చిన్నది కనుక సమతుల్యత త్వరగా ఏర్పడేది. భార్య మేరీ క్రోగ్ సహకారంతో సాగిన ఈ పరిశోధనల ఫలితాలు 1910లో వ్యాసపరంపరగా వెలువడ్డాయి. ధమని రక్తంలోని ఆక్సిజన్ పీడనం ఎన్నడూ వాయుగోణులలోని పీడనాన్ని మించలేదని అవి నిరూపించాయి. గురువు సిద్ధాంతాన్ని ఖండిస్తూనే, క్రోగ్ ఆయనకు తన ఋణాన్ని ప్రకటించుకున్నారు. 1915లో మేరీ క్రోగ్ కార్బన్ మోనాక్సైడ్ సాయంతో మానవుల ఊపిరితిత్తుల విసరణ సామర్థ్యాన్ని కొలిచి, ఆక్సిజన్ అవసరాలకు అది చాలునని చూపారు.

అయినా వాదం ముగియలేదు. ఎత్తైన ప్రదేశాలలో స్రావం తోడ్పడుతుందని, 1911లో అమెరికాలోని పైక్స్ పీక్ శిఖరంపై జరిపిన ప్రయోగాల ఆధారంగా జె. ఎస్. హాల్డేన్ వాదించారు. దీనిని పరీక్షించడానికి 1920లో కేంబ్రిడ్జిలో జోసెఫ్ బార్‌క్రాఫ్ట్ ఆక్సిజన్ తగ్గించిన గాజుగదిలో ఆరు రోజులు గడిపి, తన ధమని రక్తాన్నే పరీక్షకు ఇచ్చారు. అక్కడా స్రావానికి ఆధారం లభించలేదు.

విశ్రాంత స్థితిలో వాయుగోణులలో ఆక్సిజన్ పాక్షిక పీడనం సుమారు 100, వాటిని చేరే సిరారక్తంలో సుమారు 40 పాదరస మిల్లీమీటర్లు. ఈ వ్యత్యాసమే ఆక్సిజన్‌ను రక్తంలోకి చేరుస్తుంది. కార్బన్ డై ఆక్సైడ్ కూడా తన పీడన భేదాన్ని అనుసరించి వెలుపలికి వస్తుంది. చేపల గాలితిత్తిని గురించిన పరిశీలన నేటికీ సత్యమే. దాని సామ్యాన్ని మానవ శ్వాసకోశానికి అన్వయించడంలోనే పొరపాటు జరిగింది. ఉపమానం లేవనెత్తిన ప్రశ్నకు ప్రత్యక్ష కొలతే సమాధానమైంది.